బావాజీ బండికి పట్టిన గాలి

కామాటిపుర, పదకొండో గల్లీ,
బొంబాయి.
1986, జనవరి నెలాఖరు.

అత్తమ్మ పాదాలకు అల్లుడు సైదులు దండాలు పెట్టి రాసేది. ఇక్కడ నేనూ, నా కొట్టూ, చాల్‌లో, అదే మా వరస గదుల మేడలో, ఉన్న మనవాళ్ళూ బాగున్నాం. నువ్వూ, మంగళా, నేనింకా కళ్ళారా చూడని నా బిడ్డా బాగున్నారని నమ్ముతున్నాను.

పాప పుట్టినప్పుడు నువ్వు రాయించిన కార్డు కొట్లో నా ఎదురుగానే గోడకు అతికించుకున్నాను. ముక్కు నాదనీ, కళ్ళు మంగళవనీ, గొంతు మాత్రం అచ్చంగా నీదనీ రాయించావు. పని మధ్యలో తలెత్తి ఆ కార్డు చూస్తాను. చూస్తూ చూస్తూ ఎటో వెళ్ళిపోతాను. మొన్న అలాగే వెళ్ళిపోయి ఒక స్కూటరు ముందు బిగించే ప్లాస్టిక్ అద్దాన్ని పొయ్యి మీద మరచిపోతే అది కరిగి గిన్నెలా తయారైంది. పారేయలేదు, పాపకు పనికొస్తుందని దాచాను.

మంచి కబురు ఒకటి ఉంది. ఫాక్‌లాండ్ రోడ్డు పక్క గల్లీలో బండ్లకు ప్లాస్టిక్ అద్దాలు వంచే మన కొట్టుకు ఒక బావాజీ వచ్చాడు. పార్సీ ముసలాయన. ఇక్కడ పార్సీలను అందరూ బావాజీ అనే పిలుస్తారు. ఆయన దగ్గర ఒక కారు ఉంది. రెండే సీట్లు. కప్పు లేదు. పండుమిరపకాయ రంగు. గల్లీలోకి వస్తే మంచాల మీద పడుకున్నవాళ్ళు కూడా లేచి కూర్చున్నారు. కాని ఆ బండికి గాలి పట్టుకుంది అత్తమ్మా. మెల్లగా పోతే ఏమీ లేదు. వేగం అందుకోగానే వెనకనుంచి వచ్చి మెడ మీదా చెవుల మీదా దబదబ కొడుతుంది. ముందుకు పోయే బండిలో జుట్టు వెనక్కి ఎగరాలి కదా, ఇందులో ముందుకొచ్చి మొహం మీద పడుతుంది. బావాజీ భార్య, ఆమెను బాయి అంటాం, ఆ దెబ్బలు పడలేక ఏళ్ళుగా బండి ఎక్కడం మానేసింది. ఇల్లు చేరాక కూడా చెవిలో ఎవరో పిలుస్తున్నట్టే ఉంటుందట. పక్క సీటు ఖాళీగా పెట్టుకుని ఒక్కడే తిరిగీ తిరిగీ బావాజీకి విసుగొచ్చింది. ఆ గాలిని ఆపే పని నాకు అప్పగించాడు.

పని కుదిరితే, మీరు వచ్చే రోజున దాదర్ స్టేషనుకు ఆ బండి తానే తెస్తానన్నాడు. పక్క సీట్లో మంగళ, దాని ఒళ్ళో పాప. నేను బస్సులో వెనక వస్తాను. రాత్రి కలలో ఆ బండి మన చాల్ మెట్లెక్కి, ఆరేసిన చీరల కిందనుంచి మెల్లగా మా ఖోలీ, అదే మా గది, గుమ్మం దాకా వచ్చింది. చక్రాల చప్పుడు కూడా లేదు.

శివరాత్రి దాటగానే తల్లినీ బిడ్డనూ పంపే ఏర్పాటు చూడు.

ఇట్లు, నీ అల్లుడు,
సైదులు.

తా.క. వయసులో ఉన్నప్పుడు బావాజీ పెళ్ళి మాట అడిగింది కూడా ఆ బండిలోనేనట. గాలి హోరులో బాయికి వినబడలేదు. ఐస్‌క్రీం తింటావా అని అడిగాడనుకుని తలూపిందట.



కొండారం,
మహబూబ్‌నగర్ జిల్లా.
ఫిబ్రవరి.

చిరంజీవి అల్లుడు సైదులుకు అత్త లక్ష్మవ్వ దీవెనలతో చెప్పి రాయించేది. రాసేది పోస్టు చంద్రయ్య. నీ ఉత్తరం మంగళ చదువుతానంది. నేను ఇవ్వలేదు. చదువు వచ్చిన పెళ్ళాం మొగుడి తప్పులు మింగేసి చదువుతుంది. చంద్రయ్య సర్కారు మనిషి, ఏదీ దాచడు.

బిడ్డ బాగుంది. నువ్వే బాగా లేవని ఉత్తరం చూస్తే తెలిసిపోయింది. గాలి పట్టిన బండిని ఎవరైనా ఇంటి ముందుకు తెచ్చుకుంటారా? వెనకనుంచి కొట్టడం, జుట్టు మొహం మీద పడటం, చెవిలో పిలవడం. ఇవన్నీ నాకు తెలుసు. మన అంజమ్మ కోడలికి ఇలాగే మొదలైంది. వాగు దాటి వస్తుంటే వెనకనుంచి మెడ మీద చరిచినట్టయింది. మూడు ఊళ్ళ మంత్రగాళ్ళు వచ్చినా పోలేదు. చివరకు మొగుడు పట్నం పోయి పని చూసుకుని, దాన్నీ తీసుకుపోతే పోయింది.

నేను చెప్పినట్టు చెయ్యి. పసుపు నీళ్ళు చల్లకుండా ఆ బండి ముట్టుకోకు. వెనకనుంచి పిలిస్తే పలకకు. నిమ్మకాయలు, విభూతి, వేపాకు పార్సెలు చేయిస్తున్నాను. నాలుగు చక్రాల కింద నాలుగు కాయలు పెట్టు. ఆ బండిలో ఎవరు చనిపోయారో బావాజీని అడిగి రాయి. కప్పు లేని బండి ఎవడూ చేయడు. ఉన్న కప్పు అదే ఎత్తుకుపోయి ఉంటుంది.

పచ్చి బాలింతను ఆ బండిలో ఎక్కిస్తానని రాశావే. ఆ మాట దగ్గర నేనన్నది చంద్రయ్యను ఉన్నదున్నట్టు రాయమన్నాను: "నీకేమన్న తెలివున్నదా సైదులు? పసిగుడ్డును తీస్కపోయి దాని ఒళ్ళె పెడ్తవా?"

ఇట్లు,
లక్ష్మవ్వ, వేలిముద్ర.

తా.క. నేను చంద్రయ్యను. సైదులూ, నీ ఉత్తరం ఒక్క అక్షరం మార్చకుండా చదివాను. మెడ మీద కొడుతుందన్న చోట కొంచెం గొంతు తగ్గించి చదివిన మాట నిజం. అక్కడ అలా చదివితేనే బాగుంటుందనిపించింది.



కామాటిపుర,
ఫిబ్రవరి నెలాఖరు.

అత్తమ్మకు నమస్కారాలు చేసి సైదులు రాసేది. చంద్రయ్య మామా, ఈ ఉత్తరం మామూలు గొంతుతో చదువు.

అత్తమ్మా, నేను రాసిన గాలి నువ్వనుకునే గాలి కాదు. ఇది మనం పీల్చే గాలి. వాగులో నీళ్ళు పారుతుంటే మధ్యలో ఉన్న బండరాయి చూశావు కదా. నీళ్ళు రాయి మీదుగా దూకి, దాని వెనక సుడి తిరుగుతాయి. ఆ సుడిలో పడ్డ ఆకు ముందుకు పోదు, మళ్ళీ రాయి దగ్గరకే వస్తుంది. బండికి ముందున్న అద్దమే ఆ రాయి. వెనక కూర్చున్న మనిషే ఆ ఆకు. ఇంతే సంగతి.

నాకూ ముందు అర్థం కాలేదు. అందుకని తెల్లవారుజామున గల్లీ ఇంకా కళ్ళు తెరవని వేళ బండిని కొట్టు ముందు పెట్టించి, దాని ఎదుట బల్ల మీద పంకా పెట్టి, అగరుబత్తి వెలిగించి పట్టుకున్నాను. పొగ తిన్నగా వచ్చి, అద్దం మీదికి ఎక్కి, అక్కడ కాసేపు ఆలోచించినట్టు ఆగి, మెల్లగా వెనక్కి ఒంగి సీటులోకి దిగింది. దిగి, మనిషి కూర్చుంటే మెడ వచ్చే చోట చుట్టలు చుట్టుకుని అక్కడే ఉండిపోయింది. చీర కుచ్చిళ్ళు పోసుకుంటున్నట్టుంది. ఒక బత్తి అయిపోతే ఇంకొకటి వెలిగించాను. ఇన్నాళ్ళూ ఈ గల్లీలో గాలే లేదని తిట్టుకుంటూ బతికాను. అది రోజూ ఇంత అందంగా పోతోందని నాకు ఎవరూ చెప్పలేదు.

బావాజీ దగ్గర విలాయతీ కార్ల పుస్తకం ఉంది. అందులో బొమ్మ చూపించాడు. అద్దానికి రెండు పక్కలా రెండు చిన్న రెక్కలు. గాలి వాటికి తగిలి బయటికి మళ్ళిపోతుందట. అక్కడ కొట్లో కొని బిగించుకుంటారు. ఇక్కడికి తెప్పించడం మా వల్ల అయ్యే పని కాదు. అందుకని నేనే ప్లాస్టిక్ షీటు కోసి, వేడి చేసి, రెక్కలు వంచుతున్నాను. బండికి రెక్కలు కట్టగానే అంతా సర్దుకుంటుంది.

నీ పార్సెలు అందింది. తెస్తున్న పోస్టుమన్‌ చేతిలోనే చిరిగి, నిమ్మకాయలు చాల్ మెట్ల మీద దొర్లాయి. కింది ఖోలీ రత్నాబాయి ఏరి తెచ్చి ఇచ్చింది. ఎందుకని అడిగితే, నేను తెలివితక్కువగా, గాలి కోసం అన్నాను. ఆమె పాపం మెట్లు వెనక్కి వెనక్కి దిగి వెళ్ళింది.

నీ మాట తీసేయకుండా చక్రాల కింద కాయలు పెట్టాను. శివరాత్రి దగ్గరపడుతోంది. వాళ్ళను ఎప్పుడు పంపుతావో రాయించు. పాప నవ్వుతోందా? నిద్రలోనా, మెలకువగా ఉన్నప్పుడా?

ఇట్లు,
సైదులు.

తా.క. నువ్వు అడగమన్నావని, ఈ బండిలో ఎవరైనా చనిపోయారా అని బావాజీని అడిగాను. లేదు, ఒకడు పుట్టాడు అన్నాడు. ఆయన పెద్దకొడుకేనట. ఆసుపత్రి గేటు దాకా వచ్చారు కాని లోపలికి పోయేంత ఓపిక వాడికి లేకపోయింది.



కొండారం,
మార్చి.

అల్లుడు సైదులుకు లక్ష్మవ్వ దీవించి రాయించేది.

నువ్వు రాసింది చంద్రయ్యతో రెండుసార్లు చదివించుకున్నాను. ఇంటి నిండా జనం. మూడోసారి వాళ్ళ కోసం చదివించాల్సి వచ్చింది.

కాదు కాదంటూనే అన్నీ ఒప్పుకున్నావు. అగరుబత్తి పెట్టి కొలిచావు. అది పొగలో కనబడింది. వచ్చి మెడ దగ్గర చుట్టుకుంది. నీకు అందంగా కూడా కనబడింది. అందంగా కనబడటమే మొదటి గుర్తు. ఆ బండిలో ఒక బిడ్డ పుట్టాడు కూడా. అంటే అది పసిబిడ్డల వాసన ఎరిగినది. ఇన్ని తెలిసి నా కూతురినీ మనుమరాలినీ ఎట్లా పంపుతాను?

మంగళ కూడా నీ మాటే అంటోంది. "అది ఉత్త గాలే అవ్వా" అని పోరుతోంది. "ఉత్తదో మొత్తదో, గాలి గాలే కద నేననేది" అన్నాను. పీల్చే గాలేనని రాశావు. పీలిస్తేనే కదా పట్టేది. ఇప్పుడు దానికి రెక్కలు కూడా కడుతున్నావు. నేల మీద ఉన్నదాన్నే పట్టుకోలేకపోతుంటే పైకెగిరితే ఎవరు పడతారు?

ఆ బండి ఆ గల్లీలోంచి పోయేదాకా వాళ్ళు ఇక్కడినుంచి కదలరు. ఎండలు పోవాలి, వానలు పోవాలి. దసరాకు చూద్దాం. నాకు నీ మీద కోపం లేదు. మా అన్న కొడుకువి, నీకు అమ్మ పోయినప్పుడు ఈ చేత్తోనే బువ్వ కలిపి పెట్టాను. కాని ఒళ్ళో పసిది ఉన్నప్పుడు మనిషి ధైర్యం వేరేగా ఉంటుంది.

బిడ్డ మెలకువగా ఉన్నప్పుడే నవ్వుతోంది. నిన్న బోర్లా పడింది.

ఇట్లు,
లక్ష్మవ్వ, వేలిముద్ర.

తా.క. చంద్రయ్యను. మంగళ గోడ పక్కకు పిలిచి ఈ మాట రాయమంది: పాపకు విసనకర్రతో విసిరితే నోరు తెరిచి గాలి మింగుతుందట, మింగి ఆశ్చర్యపోతుందట. ఇది చూడటానికి నువ్వు లేవని అంది. ఇంకో సంగతి. రెక్కలున్న బండికి లైసెన్సు ఇచ్చేది రోడ్డు ఆఫీసా, విమానాల ఆఫీసా? ఊళ్ళో పందాలు నడుస్తున్నాయి. నేను విమానాల మీద కాశాను.



కామాటిపుర,
ఏప్రిల్.

అత్తమ్మకు సైదులు నమస్కారాలు.

దసరా అని చదివి కొట్టు మూసేసి వెళ్ళి సముద్రం ఒడ్డున కూర్చున్నాను. దసరాకు పాప నడుస్తుంది. నేను దాన్ని మొదటిసారి చూసేసరికి అది నా దగ్గరకు నడిచి వచ్చి, ఎవరు కావాలని అడుగుతుంది. ఇలా అనుకుంటుంటే ఒడ్డున గాలి నా చొక్కాలో దూరి, దాన్ని నింపి, మళ్ళీ ఖాళీ చేసింది. ఈ గాలిని జయించి చూపిస్తే తప్ప నువ్వు నమ్మవని అప్పుడు తెలిసింది.

కాబట్టి ఇప్పుడు సంతోషించు. పని అయిపోయింది.

మొదట రెక్కలు బిగిస్తే కుడిపక్క గాలి పోయింది కాని ఎడమపక్క రెండింతలైంది. ఎడమ రెక్కను ఇంకొంచెం వంచితే రెండు పక్కలా పోయి, తిన్నగా వెనకనుంచి నా మెడ మీదికి వచ్చింది. అప్పుడు సీట్ల వెనక అడ్డంగా వల కట్టాను, కూరగిన్నెలు పెట్టుకునే బీరువాకు కొట్టే సన్నజాలీ. గాలి వచ్చి వలలో పడింది. అక్కడే చిక్కుకుని అలసిపోయింది.

తెల్లవారుజామున వర్లీ సముద్రపు రోడ్డు మీద పరీక్ష చేశాం. బావాజీ నడిపాడు, నేను పక్కన. సీటుకూ అద్దానికీ రంగుదారం ముక్కలు కట్టుకున్నాను, గాలి ఎక్కడుందో చెబుతాయని. బండి వేగం అందుకుంది. దారాలు కదలలేదు. అత్తమ్మా, ఎలా చెప్పను. పక్కన సముద్రం పోతోంది, దీపాల స్తంభాలు పోతున్నాయి, ఒక కొంగ మాతోపాటు కొంతదూరం వచ్చి వెనకబడింది. మేమిద్దరం మాత్రం దీపం వెలుగుతున్న గదిలో కూర్చున్నట్టు కదలకుండా ఉన్నాం. బావాజీ మెల్లగా నన్ను నీకు పిల్లలెంతమంది అని అడిగాడు. ఆ మాట నాకు వినబడింది. ఒక కూతురు అన్నాను. ఆ మాట నాక్కూడా మొదటిసారి వినబడినట్టయింది.

మర్నాడు ఆయన బాయిని ఎక్కించుకుని వెళ్ళాడు. నేను గట్టు మీద నిలబడి చూశాను. ఆమె తలకు కట్టుకున్న రుమాలు కొంచెం కూడా ఎగరలేదు. వెళ్ళేటప్పుడు ఇద్దరూ నవ్వుతున్నారు. వచ్చేటప్పుడు ఆమె ఒక్కతే నవ్వుతోంది. బండి ఎక్కిన రోజుల్లో గాలి హోరులో ఆయన పాడేవాడని ఆమెకు తెలియదట, ఇప్పుడు విని ఆపమంది. ఆ రోజుల్లో ఆమె మెల్లగా పొమ్మని చెప్పేదని ఆయనకు తెలియదట, ఇప్పుడు ప్రతి మలుపులోనూ వినబడిందట. బావాజీ నన్ను పక్కకు తీసుకెళ్ళి, "సైదులూ, ఇవి అప్పుడప్పుడు తీసి పెట్టుకునేటట్టు చెయ్యరాదా" అని హిందీలో బతిమాలాడు. చేత్తో తిప్పే మరలు పెట్టి ఇచ్చాను.

కనుక గాలి ఇప్పుడు పూర్తిగా నా చేతిలో ఉంది అత్తమ్మా. కావాలంటే కడతాను, కావాలంటే వదులుతాను. ఇక భయం లేదు. వాళ్ళను పంపు.

ఇట్లు,
సైదులు.

తా.క. రత్నాబాయి పుణ్యమా అని చాల్‌లో నాకు గాలి మంత్రగాడని కొత్త పేరు వచ్చింది. నిన్న పద్నాలుగో గల్లీ పోచయ్య తన అత్తగారిని టాక్సీలో తీసుకొచ్చి, ఈమెకూ రెక్కలు కట్టి పంపమన్నాడు. అత్తగారికి ఏమైందని అడిగితే, ఏమీ కాలేదు, రెక్కలుంటే వాళ్ళ ఊరు పోతుంది కదా అన్నాడు.



కొండారం,
ఏప్రిల్.

సైదులుకు లక్ష్మవ్వ రాయించేది.

గాలిని వలేసి పట్టావు. కడతావు, వదులుతావు. మనుషులు టాక్సీలలో నీ దగ్గరకు వస్తున్నారు. మా అన్న కడుపున మంత్రగాడు పుట్టాడని ఊరంతా అంటుంటే నేను తలుపు వేసుకుని కూర్చున్నాను. పెళ్ళినాడు నీకు ఇంత విద్య ఉందని ఎవరూ చెప్పలేదు.

నేనే వస్తున్నాను. బొంబాయిలో కట్టడం పనికి పెంటయ్య ముఠా బయలుదేరుతోంది. వాళ్ళతో రైలెక్కి దాదర్‌లో దిగుతాను. నా కళ్ళతో ఆ బండిని చూస్తాను. దానిలో ఏదైనా ఉంటే నాతో మాట్లాడాలి. మంగళకు పక్కింటి నర్సమ్మ తోడుంటుంది. వాళ్ళు నీ దగ్గరకు రావాలా వద్దా అనేది చూశాక చెబుతాను. నువ్వు స్నానం చేసి స్టేషనుకు రా.

ఇట్లు,
లక్ష్మవ్వ, వేలిముద్ర.

తా.క. చంద్రయ్యను. లక్ష్మవ్వ ఒక నల్లకోడిని వెంట తెస్తోంది. గాలి ఉన్న చోట కోడి కాలు పెట్టదని ఆమె నమ్మకం. రైలులో కోడికి టికెట్టు కావాలా అని ఆమె నన్ను అడిగింది. సర్కారు మనిషిగా నేను ఆ ప్రశ్న వినలేదు.



కామాటిపుర,
మే.

నా బిడ్డ మంగళకు అమ్మ దీవెనలు. మనుమరాలికి ముద్దులు. ఇక్కడ చంద్రయ్య లేడు కాబట్టి నీ మొగుడే రాస్తున్నాడు. నా మాట మార్చి రాస్తాడేమోనని ప్రతి వాక్యం తిరిగి చదివించుకుంటున్నాను. ఇప్పటిదాకా సరిగానే రాశాడు.

సుఖంగా చేరాను. పిల్లగాడు సగమయ్యాడు. ఖోలీ నిండా ప్లాస్టిక్ ముక్కలు. ఒక వంకర గిన్నె పాపదట, రోజూ తుడుస్తున్నాడు.

మర్నాడే బండి చూపించమన్నాను. బావాజీ, బాయి ఇద్దరూ వచ్చారు. బాయి నా ఈడుదే, చువ్వలా ఉంటుంది. ఆమె వాళ్ళ మాటలో, నేను మన మాటలో, మోకాళ్ళ నొప్పుల గురించి చాలాసేపు మాట్లాడుకున్నాం. అన్నీ అర్థమయ్యాయి. తర్వాత బండి చుట్టూ పసుపు నీళ్ళు చల్లి కోడిని వదిలాను. గల్లీ మొత్తం చుట్టూ మూగింది. కోడి బండిలోకి ఎగిరి, సీటు మీద మూడుసార్లు తిరిగి, కూర్చుని, గుడ్డు పెట్టింది.

ఇక నేనేమనాలి? బావాజీ ఆ గుడ్డు రుమాలులో పెట్టుకుని ఇంటికి తీసుకెళ్ళాడు.

అయినా మనసు ఒప్పలేదు. కోడికి ఏం తెలుసు, బండి నిలబడి ఉంది కదా, పరుగెత్తితే కదా అది వచ్చేది అన్నాను. తెల్లవారుతుండగా సముద్రం దగ్గరకు తీసుకెళ్ళి నన్ను ఎక్కించారు. కొంగు బిగించి కట్టుకున్నాను, చేతిలో విభూతి. బండి కదిలింది. ఇళ్ళు వెనక్కి పోయాయి. నేను మెడ బిగబట్టుకుని చూస్తున్నాను, ఇప్పుడు కొడుతుంది, ఇప్పుడు కొడుతుంది అని. ఏదీ రాలేదు. అంతదూరం పోయి వచ్చాం. మన ఇంట్లో పీట మీద కూర్చున్నట్టే ఉంది.

దిగి, ఏది గాలి అని నీ మొగుడిని అడిగాను. కట్టేశాను అన్నాడు. "రైలెక్కి ఇంతదూరమొచ్చింది దాన్ని చూడనీకే కద. ఇప్పు" అన్నాను. వద్దు అత్తమ్మా, దెబ్బ గట్టిగా ఉంటుంది అన్నాడు. నేను కదలలేదు. రెక్కలు విప్పాడు, వల విప్పాడు. మళ్ళీ ఎక్కాను.

మంగళా, అది వచ్చింది.

ముందు ఒక చెంప మీద తట్టింది. తర్వాత వెనకనుంచి రెండు చేతులా పట్టుకుని ఊపింది. కొప్పు ఊడిపోయింది. విభూతి చేతిలోంచి లేచి బావాజీ మొహమంతా పడింది. సముద్రం లేచి నిలబడినట్టయింది. చెవిలో ఎవరో పిలుస్తున్నారు, అచ్చంగా నీ మొగుడు రాసినట్టే. ఎవరా అని విన్నాను. ఎవరూ కాదు, నేనే అరుస్తున్నాను. భయంతో కాదు. ఎందుకో నాకు తెలియదు. బిందె మోశాను, గడ్డి మోశాను, రాళ్ళు మోశాను, మిమ్మల్ని మోశాను. నన్ను ఎవరూ ఇలా మోయలేదు. రోడ్డు అయిపోతే బావాజీ చాలా అని చూపుతోనే అడిగాడు. మళ్ళీ తిప్పు అని చేయి తిప్పాను. ఎండ ఎక్కేదాకా తిప్పించాను.

ఆ రోజునుంచి బాయి కూడా రెక్కలు వద్దంటోంది. నువ్వు అరిచినట్టు నేనూ అరవాలని చేతులతో చెప్పింది. ఇప్పుడు రోజూ తెల్లవారుతూనే ఆమె ఒకసారి, నేను ఒకసారి. బావాజీ పాడుకుంటాడు, ఎవరికీ వినబడదు. ముగ్గురం సుఖంగా ఉన్నాం. రెక్కలు నీ మొగుడు కొట్లో వేలాడదీశాడు, వాటిని చూసి ఇంకో ఇద్దరు కార్లవాళ్ళు పని ఇచ్చారు.

నీ మొగుడికి ఏ గాలీ లేదు. అది నాకు పట్టింది. ఒప్పుకుంటున్నాను. వదిలించే పని లేదు, వానలు మొదలయ్యేదాకా నేను ఇక్కడే ఉంటాను. కొట్టుకు తాళం నేను వేస్తాను, నేను తీస్తాను. రత్నాబాయి తోడుంది.

ఇక దసరా మాట మరచిపో. ఆడవాళ్ళు పసిదాన్ని ఎత్తుకుని ఒంటరిగా రైలెక్కడం నాకు ఇష్టం లేదు. అందుకని మిమ్మల్ని తీసుకురమ్మని సైదులును పంపుతున్నాను. ఈ సాయంత్రమే రైలుబండికి. ఈ మాట వాడికి ఇంకా చెప్పలేదు, ఇదిగో ఇప్పుడు రాస్తూ తెలుసుకుంటున్నాడు. చూడు, చేయి ఆగిపోయింది. రాయి అంటున్నాను. రాయడం లేదు. మొహం తుడుచుకుంటున్నాడు.

ఇట్లు, మీ అమ్మ,
లక్ష్మవ్వ, వేలిముద్ర.

తా.క. మంగళా, నేను. ఈ ఉత్తరాన్ని పోస్టులో వేయలేదు. చంద్రయ్య మామ మధ్యలో ఉండకూడదని నేనే తెచ్చి, పాపను చూపించమని అడిగే ధైర్యం లేక, ముందు దీన్ని నీ చేతిలో పెట్టాను. నువ్వు చదువుతున్నంతసేపూ గుమ్మంలోనే నిలబడి ఉన్నాను. చదవడం అయిపోయింది కదా. ఇక తలెత్తు.